అల్మాటీ: సేబుల షహర్‌లో ఒక టెన్నిస్ కప్పు



2024 అక్టోబర్ మూడో వారంలో స్పోర్ట్స్ పేజీల్లో ఒక చిన్న ఖబర్ వచ్చింది. కజకిస్తాన్‌లోని అల్మాటీ షహర్‌లో జరిగిన ఏటీపీ టోర్నమెంట్‌లో మన హైదరాబాద్ కుర్రాడు రిత్విక్ చౌదరి బొల్లిపల్లి, పూణె కుర్రాడు అర్జున్ కఢే కలిసి డబుల్స్ టైటిల్ గెలిచారు. ఏటీపీ టూర్‌లో ఇద్దరికీ అదే మొదటి టైటిల్. క్రికెట్ వార్తల కింద నలిగిపోయిన ఆ నాలుగు లైన్లను మా ఖాందాన్‌లో మాత్రం ఒకరికొకరు ఫోన్ చేసి మరీ చదివి వినిపించుకున్నారు. మాలో టెన్నిస్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. మా ఆపా కూతురు ఆ షహర్‌లో ఎంబీబీఎస్ చదువుతోంది, అదీ కారణం.

"అరె భాయ్, మన పిల్ల ఉండే ఊరి పేరు పేపర్లో పడింది, చూసినావా?" అని చిత్తూరు నుంచి ఆపా ఫోన్ చేసింది. పిల్లను పంపి మూడేళ్ళయినా ఆ షహర్ గురించి మాలో ఎవరం ఏమీ తెలుసుకోలేదని ఆ రోజు నాకు అనిపించింది. మాకు అల్మాటీ అంటే ఫీజు, హాస్టల్, చలి కోట్లు, ఢిల్లీ నుంచి విమానం. మన తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు అడిగి చూడండి, ఏ ముస్లిం మొహల్లాలోనైనా ఇదే జవాబు వస్తుంది. తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీ ఉంది, స్విమ్స్ ఉంది. నీట్ ర్యాంకు అక్కడి దాకా రాని పిల్లల అమ్మీ అబ్బాలు జమీనో బంగారమో చూసుకుని కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, జార్జియా పేర్లు తీస్తారు. ఆ ముల్క్‌లు మనకు సీట్లుగానే తెలుసు. ఈ టోర్నమెంట్ వంకతో నేను అల్మాటీ గురించి వెతికి చదివిందీ, పిల్లను అడిగి తెలుసుకున్నదీ మీతో పంచుకుంటాను. బిడ్డలను అక్కడికి పంపినవాళ్ళకు, పంపాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని నా ఉమ్మీద్.

ముందు ఆట సంగతి. మగవాళ్ళ ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే సంస్థ ఏటీపీ. ఏడాది పొడుగునా ముల్క్ ముల్క్‌లో టోర్నమెంట్లు జరుగుతుంటాయి. గెలిచినవాడికి వచ్చే ర్యాంకింగ్ పాయింట్లను బట్టి వాటిని 250, 500, 1000 అని పిలుస్తారు. అల్మాటీ ఓపెన్ 250 స్థాయి టోర్నమెంట్. కజకిస్తాన్‌లో ఇది 2020లో రాజధానిలో మొదలైంది, అస్తానా ఓపెన్ అనేవాళ్ళు. 2022లో ఒక్కసారి 500 స్థాయికి పెరిగింది, ఆ ఏడాది కప్పు జొకోవిచ్‌ది. 2024లో టోర్నమెంట్ అల్మాటీకి మారింది. ఆడేది అల్మాటీ అరీనా అనే పెద్ద హాల్లో. 2017లో విద్యార్థుల శీతాకాల క్రీడల కోసం కట్టిన హాలు అది, సుమారు 12 వేల మంది కూర్చోవచ్చు. ఐస్ హాకీ ఆడే చోట టెన్నిస్ కోర్టు పరుస్తారు.

ఇండోర్ ఎందుకంటారా? అక్టోబర్ వచ్చేసరికి అక్కడ చలి దిగుతుంది. పైన తియాన్‌షాన్ పహాడ్‌ల మీద మంచు. అందుకే ఆ నెలల్లో చలి దేశాల టోర్నమెంట్లు చాలావరకు హాళ్ళలోకి వెళ్ళిపోతాయి. పైకప్పు కింద ఆట తీరు మారిపోతుంది. ఎండ కళ్ళలో పడదు, గాలి బంతిని పక్కకు లాగదు, వాన ఆపదు. సర్వీస్ గట్టిగా వేసేవాడికి కలిసొస్తుంది. ఓడినవాడికి గాలి మీదో ఎండ మీదో నెపం వేసే బహానా కూడా ఉండదు.

మన వైపు వాళ్ళకు తెలిసిన టెన్నిస్ దీనికి పూర్తిగా ఉల్టా. తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, చెన్నై నుంగంబాక్కం స్టేడియంలో, 1997 నుంచి 2017 దాకా ఏటీపీ టోర్నమెంట్ జరిగేది. ఆకాశం కింద ఆట, సముద్రపు ఉక్క. 2008 సెమీఫైనల్లో నడాల్, మోయా 3 గంటల 54 నిమిషాలు కొట్టుకున్నారు. మూడు సెట్లూ టైబ్రేక్‌కు వెళ్ళాయి. నడాల్ గెలిచాడు గానీ మరుసటి రోజు ఫైనల్లో కాళ్ళు కదలలేదు. యూజ్నీ చేతిలో 6-0, 6-1తో ఓడిపోయాడు. అదే మోయా 2005లో, సునామీ వచ్చి పట్టుమని పదిహేను రోజులైనా కాకముందే అక్కడ కప్పు గెలిచి, ప్రైజ్ మనీని బాధితులకు ఇచ్చేశాడు. ఆ టోర్నమెంట్ 2018లో పూణెకు పోయింది. 2023 తరువాత అక్కడా ఆగిపోయింది. మూడు గంటల బస్సు సఫర్‌లో చూడగలిగిన ఆట అలా మన దగ్గర నుంచి వెళ్ళిపోయింది. 2017లో చెన్నైలో తన మొదటి ఏటీపీ ఫైనల్ ఆడి ఓడిపోయిన కుర్రాడు మెద్వెదెవ్. అతనే 2025లో అల్మాటీ కప్పు ఎత్తాడు.

ఇక ఆ డబుల్స్ ఫైనల్. రిత్విక్, అర్జున్‌లకు అవతలివైపు కొలంబియాకు చెందిన నికొలస్ బరియెంతోస్, ట్యునీషియాకు చెందిన స్కందర్ మన్సూరీ. మొదటి సెట్ మనవాళ్ళు 3-6తో పోగొట్టుకున్నారు. రెండోది టైబ్రేక్‌లో దక్కించుకున్నారు. ఏటీపీ డబుల్స్‌లో చెరో సెట్ అయితే మూడో సెట్ ఆడరు. ముందుగా పది పాయింట్లు తెచ్చుకున్న జోడీ గెలుస్తుంది, అయితే రెండు పాయింట్ల తేడా ఉండాలి. ఆ రోజు పదితో తేలలేదు. 14-12 దాకా సాగింది. అంత దూరం వచ్చాక ఒక్క సర్వీస్, ఒక్క రిటర్న్ కప్పును ఇటు నుంచి అటు మార్చేస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆ తరువాతి సంగతి. నాలుగున్నర నెలలు తిరగకుండానే, 2025 మార్చి మొదట్లో, చిలీ రాజధాని శాంటియాగోలో రిత్విక్ తన రెండో ఏటీపీ టైటిల్ గెలిచాడు. ఈసారి పక్కన నిలబడి ఆడింది ఎవరో తెలుసా? అల్మాటీలో ఓడించిన అదే బరియెంతోస్. మైదాన్‌లో ముకాబలా చేసినవాడితోనే తరువాత దోస్తీ చేయడం ఆటలో మామూలే. మన బిరాదరీల్లో ఒక రిష్తా చెడితే పదేళ్ళు సలాం కూడా చెప్పుకోని ఘరానాలు నాకు తెలుసు. వాళ్ళకు ఈ కిస్సా చెప్పాలని ఉంటుంది.

మ్యాచ్‌ల వారంలో మా భాంజీ క్లాస్‌మేట్లతో అరీనాకు వెళ్ళి వచ్చింది. తరువాత వీడియో కాల్‌లో ఆట గురించి అడిగితే రెండు మాటల్లో తేల్చేసింది. "మామూ, పక్కన కూర్చున్న ముసలమ్మ నాకు సేబు కోసి ఇచ్చింది. నేను రాఖ్‌మెత్ అన్నాను. ఇంక ఆమె నన్ను వదలలేదు" అంది. రాఖ్‌మెత్ అంటే కజక్ భాషలో షుక్రియా. విని ఒక్క క్షణం ఆగాను. అది మన రహ్మత్ కదా.

అక్కణ్ణుంచి ఆ పిల్లా నేనూ ఒక ఖేల్ మొదలుపెట్టాం. వారానికోసారి ఆమె కజక్ మాటలు చెప్పాలి, నేను ఇక్కడి మాట పట్టుకోవాలి. నాన్ అంటే రొట్టె. దస్తర్‌కాన్ అంటే భోజనాల గుడ్డ, విందు. దోస్ అంటే దోస్త్. అప్తా అంటే హఫ్తా. కితాప్, మెక్తెప్ అంటే కితాబ్, మక్తబ్. అక్కడ మెక్తెప్ అంటే మామూలు స్కూలే. టీచరును ముగాలిమ్ అంటారు, మన ముఅల్లిం. ఒమిర్ అంటే జీవితం, మన ఉమ్ర్. శుక్రవారం జుమా. నమాజ్ నమాజే.

మాలో ఉర్దూ మాట్లాడేవాళ్ళకే పరిమితం కాని మాటలు కూడా బయటపడ్డాయి. కజక్‌లో ఖబర్, తెలుగులో కబురు. అక్కడ కలమ్, ఇక్కడ కలం. అక్కడ జవాప్, ఇక్కడ జవాబు. అక్కడ దుకెన్, ఇక్కడ దుకాణం. అక్కడ దెప్తెర్ అంటే నోటుబుక్కు, మన తాలూకాఫీసుల్లో దఫ్తరం అంటే కాగితాల కట్ట. తిరుపతిలో గాంధీరోడ్డు మీద దుకాణం పెట్టుకున్న మన హిందూ భాయి రోజూ ఈ మాటలు వాడుతూనే ఉంటాడు. అరబీ, ఫార్సీ అల్ఫాజ్ ఎడారులు దాటి, పహాడ్‌లు దాటి, ఒక దారిలో అల్మాటీకి, ఇంకో దారిలో రాయలసీమకు చేరాయి. రెండు చోట్లా ఇంటి మనుషులైపోయాయి.

మా ఇంట్లో పెద్ద నవ్వు తెచ్చిన మాట ఒకటుంది. కజక్‌లో డాక్టర్‌ను దారిగెర్ అంటారు. ఫార్సీలో దారూ అంటే మందు, దాని నుంచి వచ్చింది. మా అమ్మీకి చెబితే ముసల్లా మీద నుంచి లేచినంత పని చేసింది. "యా అల్లా, ఇన్ని లక్షలు పోసి పిల్లను పంపింది దారూ అమ్మేదానికా?" అంది. దవా-దారూ అనే మాటలోని దారూ అదేనని, మన దగ్గరే ఆ మాట పాడైపోయిందని చెప్పి ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అక్కడ మందుల షాపు దారిఖానా. ఆస్పత్రి అవురుఖానా. అవురు అంటే జబ్బు, ఖానా మనకు తెలిసిందే.

ఇవి సరదా మాటలు మాత్రమే కావు, పిల్లల చదువుకు సంబంధించిన గట్టి విషయం. క్లాసులో పాఠం ఇంగ్లీషులో చెబుతారు. వార్డులో మంచం మీద ఉన్న మరీజ్ ఇంగ్లీషు మాట్లాడడు. కజక్‌లోనో రష్యన్‌లోనో తన దర్ద్ చెప్పుకుంటాడు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, ఏం తిన్నావు అని అడగలేని విద్యార్థి ఆస్పత్రిలో గోడకు ఆనుకుని నిలబడి వస్తాడు. 2021లో మన నేషనల్ మెడికల్ కమిషన్ పెట్టిన నియమాల ప్రకారం విదేశంలో చదివేవాళ్ళు 54 నెలల కోర్సు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి. వచ్చాక ఇక్కడ ఇంతెహాన్ పాసవ్వాలి. అన్నేళ్ళు మంచాల మధ్య తిరిగేటప్పుడు భాష రాకపోతే నష్టపోయేది తాలీమే. ఆ నష్టాన్ని కజక్‌లో జియాన్ అంటారు. లాభాన్ని పైదా అంటారు. ఇవీ మీకు కొత్త మాటలు కావు.

ఇప్పుడు షహర్ గురించి. కజక్‌లో అల్మా అంటే సేబు. సోవియట్ కాలంలో ఈ ఊరిని అల్మా-అతా అనేవాళ్ళు, సేబుల తండ్రి అని అర్థం చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే అదే అల్మాకు "తీసుకోవద్దు" అనే అర్థం కూడా ఉంది, మన "నక్కో" లాగా. ఈ పహాడ్‌ల మీద అడవి సేబు చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. వావిలోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త 1929లో ఇక్కడికి వచ్చి చూసి, దునియా తినే సేబుకు పుట్టిల్లు ఇదేనన్నాడు. అతను స్టాలిన్ జైల్లో 1943లో చనిపోయాడు. తరువాత జన్యు పరీక్షలు ఆయన మాటను నిజం చేశాయి. మన బజార్లో బండి మీద అమ్మే సేబుకు దాదా పర్దాదాలు ఆ కొండల మీద ఉన్నారన్నమాట. అక్కడ అపోర్త్ అనే పెద్ద సేబును చూసుకుని మురిసిపోతారు. చిత్తూరు వాళ్ళం తోతాపురిని చూసుకుని మురిసినట్టే.

ఊరి ఉమ్ర్ మరీ పెద్దది కాదు. 1854లో రష్యన్లు వెర్నీ అనే కోట కట్టారు. 1887లో వచ్చిన జల్‌జలా ఊళ్ళోని ఇటుక ఇళ్ళను దాదాపు అన్నిటినీ కూల్చేసింది. తరువాత చెక్కతో కట్టిన పెద్ద చర్చి 1911లో వచ్చిన ఇంకో జల్‌జలాకు చెక్కు చెదరలేదు, ఇప్పటికీ ఉంది. 1997 దాకా ఇదే రాజధాని. రాజధాని ఉత్తరానికి వెళ్ళిపోయినా ముల్క్‌లో అన్నిటికన్నా పెద్ద షహర్ ఇదే. సోవియట్ రాజ్యం పోయాక కట్టిన సెంట్రల్ మసీదు 1999 నాటిది. పిల్లలు చదివే పెద్ద యూనివర్సిటీల్లో ఒకటి అల్-ఫారాబీ పేరు మీద ఉంది. వెయ్యేళ్ళ కిందటి ఆ ఫల్సఫీ పుట్టింది నేటి కజకిస్తాన్ జమీన్ మీద. అరిస్టాటిల్ తరువాత ఆయనే రెండో ముఅల్లిం అని మన పెద్దలు అన్నారు.

ఈ షహర్ పేరు మన గల్లీల దాకా ఇంకో దారిలో వచ్చింది, మనం గమనించలేదంతే. 1978 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి అక్కడ పెద్ద జల్సా పెట్టాయి. 134 ముల్క్‌ల నుంచి ప్రతినిధులు వచ్చారు. 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అందాలి, దానికి దారి పెద్ద ఆస్పత్రులకన్నా ముందు ఊళ్ళోనే దొరికే ప్రాథమిక వైద్యం అని ఏలాన్ చేశారు. అల్మా-అతా డిక్లరేషన్ అంటే అదే. మన 1983 జాతీయ ఆరోగ్య విధానం ఆ మాటనే పట్టుకుంది. మండలంలో మనం వెళ్ళే పీహెచ్‌సీకి ఆ ఏలాన్‌తో రిష్తా ఉంది. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళి డాక్టర్ అయ్యే పిల్లలు ఈ ఒక్క తారీఖ్ తెలుసుకుని వెళ్ళినా తాము ఏ జమీన్ మీద అడుగు పెడుతున్నారో అర్థమవుతుంది.

చివరిగా ఒక మాట, ఇది నా దిల్‌కు దగ్గరిది. కజక్ భాషను 1929 దాకా మన ఉర్దూ లాగే అరబీ లిపిలో రాసేవాళ్ళు. ఆ లిపిని తమ భాషకు తగినట్టు సరిచేసిన ఆలిం అహ్మెత్ బైతుర్సినోవ్. 1929లో హుకుం వచ్చింది, లాటిన్‌లో రాయమన్నారు. 1940లో మళ్ళీ హుకుం, రష్యన్ లిపిలో రాయమన్నారు. బైతుర్సినోవ్‌ను 1937లో కాల్చి చంపారు. పదకొండేళ్ళలో రెండుసార్లు లిపి మారితే, దాదా రాసిన ఖత్ పోతా చదవలేడు. 1930ల మొదట్లో వచ్చిన కహత్‌లో పది లక్షలకు పైగా జనం పోయారు. ఇంత జరిగినా రహ్మత్, దస్తర్‌ఖాన్, ఖబర్, జవాబ్ మిగిలాయి. లిపి హుకుంతో పోయింది. మాటలను అమ్మీలు, నానీలు రోజూ దస్తర్‌ఖాన్ చుట్టూ వాడుతూ బతికించారు.

మన సంగతి చూసుకుందాం. చిత్తూరు, తిరుపతి వైపు ఇళ్ళల్లో ఉర్దూ మాట్లాడతాం, తెలుగులో చదువుతాం. నా తరంలోనే ఉర్దూ లిపి చదవలేనివాళ్ళు ఎక్కువ. మనకు ఏ హుకూమత్ మానమని హుకుం ఇవ్వలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాష చేశారు కూడా. అయినా ఇళ్ళల్లో మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. షుక్రియా పోయి థ్యాంక్స్ వచ్చింది, ఖాలా పోయి ఆంటీ వచ్చింది. నేను తెలుగు లిపిలో ఇన్ని ఉర్దూ అల్ఫాజ్ రాస్తానని కొందరు ఎగతాళి చేస్తారు. "ఇది ఏ జుబాన్ భాయ్?" అంటారు. కజక్‌లు రష్యన్ లిపిలో రహ్మత్ రాసుకుంటున్నారు, నేను తెలుగు లిపిలో రాసుకుంటున్నాను. లిపి నేర్చుకుంటే మరీ మంచిది, పిల్లలకు నేర్పుదాం ఇన్షా అల్లా. అది నేర్చేదాకా మాటను మాత్రం నోట్లో నుంచి పోనివ్వకూడదు.

కాబట్టి పిల్లలను అల్మాటీకి పంపేవాళ్ళకు నా గుజారిష్ ఇది. సూట్‌కేసులో పచ్చళ్ళు, గోంగూర పొడి, స్వెటర్లు సర్దేటప్పుడు ఒక చిన్న నోటుబుక్కు కూడా పెట్టండి. ఇంట్లో మాట్లాడే ఉర్దూ మాటలు వంద అందులో రాయించండి, పక్కన ఖాళీ వదలండి. అక్కడికి వెళ్ళాక ఆ ఖాళీలో కజక్ మాట రాసుకోమనండి. అన్నీ కలవవు, కలిసినవి చాలు. వార్డులో ముసలి మరీజ్‌ను పలకరించే ధైర్యం వాటితోనే వస్తుంది. ఇంట్లో ఆటగాడు ఉంటే అక్టోబర్‌లో అల్మాటీ ఓపెన్ పెట్టి చూపించండి. మన హైదరాబాద్ కుర్రాడు 14-12తో గెలిచిన హాలు అదేనని చెప్పండి.

మా భాంజీ నోటుబుక్కులో ఇప్పటికి అరవై రెండు మాటలయ్యాయట. మొన్న ఆపా ఫోన్ చేసి మిగతావి తానే వెతికి పెడతానని నానీ దగ్గర కూర్చుంది. అమ్మీ అడిగిన మొదటి మాట, "దువాను అక్కడ ఏమంటారు?" భాంజీ జవాబు వెంటనే వచ్చింది, "దుగా నానీ, కాస్తే మారింది."